హాలు నిండా పుస్తకాల పెట్టెలు, ముందున్నవేమో ప్లేస్‌మెంట్లు

ప్రశ్న: మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఇంజినీరింగ్ ఐదో సెమిస్టర్ చదువుతోంది. స్నేహితులతో కలిసి అపార్ట్‌మెంట్లలో పాత పుస్తకాలు పోగుచేసి పిల్లల లైబ్రరీలకు ఇస్తామని తిరుగుతోంది. మా హాలు నిండా అట్టపెట్టెలే. సీజీపీఏ 8.1 నుంచి 7.4కు దిగింది. వాళ్ల నాన్నగారు మానేయమంటున్నారు. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? ఈమధ్య లైబ్రరీ సైన్స్ చదువుతానని కూడా అంటోంది. అందులో బతుకుతెరువు ఉందా?

జవాబు: అమ్మా, మానేయమని చెప్పకండి. పద్ధతి మార్చుకోమని మాత్రం గట్టిగా చెప్పండి. మీ హాల్లో పెట్టెలు పేరుకుపోయాయంటే పిల్లలు ముందు పుస్తకాలు తెచ్చి, ఎవరికివ్వాలో తర్వాత వెతుక్కుంటున్నారని అర్థం. ఈ వరస తిరగేస్తే ఆమెకు సమయమూ మిగులుతుంది, రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ అనుభవమూ దొరుకుతుంది.

"పాత పుస్తకాలుంటే ఇవ్వండి" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే ఏం వస్తాయో మీరు చూసే ఉంటారు. సిలబస్ మారిపోయిన ఎంసెట్, నీట్ గైడ్లు, సగం రాసేసిన వర్క్‌బుక్కులు, కార్పొరేట్ మేనేజ్‌మెంట్ పుస్తకాలు, వారపత్రికల కట్టలు. ఇచ్చేవాళ్లను తప్పుపట్టలేం. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లు మనవి. సరస్వతిని చిత్తు కాగితాలవాడికి తూకానికి వేయడానికి మనసొప్పదు. అందుకే "పిల్లలకైనా పనికొస్తాయి" అంటూ ఇచ్చేస్తారు. కానీ ఆ పిల్లలకు అవి పనికిరావు. రెండో తరగతి పిల్ల చేతికి ఆర్గానిక్ కెమిస్ట్రీ గైడు ఇస్తే, పుస్తకం అంటే అర్థం కానిదేనని ఆ పిల్లకు మనమే నేర్పినట్టవుతుంది. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. చదవలేని పుస్తకం ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే మేలు.

మీ చుట్టుపక్కలే చూడండి. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు భవనాల పనికి రాయలసీమ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటాయి. వాళ్ల పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బయట గోడల మీద ఇంగ్లిషు. వాళ్లకు కావలసింది పల్చటి బొమ్మల పుస్తకాలు. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు ఉండాలి. తెలుగు, కన్నడం రెండూ కావాలి. ఇలాంటివి అపార్ట్‌మెంట్ అటకల మీద అరుదుగా దొరుకుతాయి. 2004లో బెంగళూరులోనే మొదలైన ప్రథమ్ బుక్స్ తక్కువ ధరకు భారతీయ భాషల్లో ఇలాంటి పుస్తకాలు వేస్తోంది. 2015లో వాళ్లు తెచ్చిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు, కన్నడ కథలను ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ కూడా తెలుగులో పిల్లల పుస్తకాలు తెచ్చాయి. కాబట్టి దాతలను పుస్తకాలతో పాటు కొంత డబ్బూ అడగమనండి. జమాఖర్చు మాత్రం పైసాతో సహా రాసి అందరికీ చూపించాలి.

ఇక అసలు పని. పెట్టె కట్టకముందే ఆ లైబ్రరీకి వెళ్లి, అది చూసుకునే మనిషితో కూర్చుని మాట్లాడాలి. పిల్లలు ఎంతమంది వస్తారు, ఏ భాష చదువుతారు, బీరువాలో చోటెంత, ఇప్పుడున్న వాటిలో ఏవి నలిగిపోయాయి అని అడగాలి. కర్ణాటకలో గ్రామ పంచాయతీ లైబ్రరీలను అరివు కేంద్రాలంటున్నారు. 2020లో 'ఓదువ బెళకు' కార్యక్రమంతో వాటిలో పిల్లలకు ఉచిత సభ్యత్వం కూడా మొదలైంది. మన హిందూపురం వైపు ఇవ్వాలనుకుంటే జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లను కలవాలి. ప్రభుత్వ లైబ్రరీలో పుస్తకం రిజిస్టరుకెక్కాలి, ముద్ర పడాలి, అప్పుడే అది పాఠకుడి చేతికి వెళ్తుంది. ఇవేవీ కనుక్కోకుండా వ్యానులో దించి ఫొటో దిగి వచ్చేస్తే ఆ పెట్టెలు అలాగే మూలన పడుంటాయి. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో రెండు ఇవే: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఆ రెండింటినీ కలపడమే మీ అమ్మాయి చేయాల్సిన పని. మోత పని ఎవరైనా చేస్తారు.

ఉద్యోగం మాటకొస్తే, "మూడు వేల పుస్తకాలు సేకరించాం" అన్న ముక్క రెజ్యూమెలో ఎవరి కంటా ఆగదు. అలాంటివి రిక్రూటర్లు రోజూ చూస్తారు. ఎన్ని వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు, ఇచ్చిన మూడు నెలలకు లైబ్రరీ రిజిస్టరులో వాటిలో ఎన్ని బయటికెళ్లాయి? ఈ మూడూ రాయగలిగితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తల ఎత్తి చూస్తారు. "జట్టులో గొడవ వస్తే ఏం చేశారు" అని అడిగే ప్రశ్నకూ ఆమె దగ్గర నిజమైన జవాబు ఉంటుంది. పుస్తకాలు మోసిన కుర్రాళ్లకు "ఇవి పనికిరావు" అని చెప్పి ఒప్పించడం చిన్న విషయం కాదు.

ఇంజినీరింగ్ విద్యార్థినికి ఇందులో మంచి ప్రాజెక్టు కూడా ఉంది. దీన్ని ఆమె ఇంకా గమనించి ఉండకపోవచ్చు. వచ్చిన పుస్తకాలకు కేటలాగ్ తయారుచేయాలంటే ఐఎస్‌బీఎన్, అంటే అట్ట వెనక ఉండే పుస్తకం గుర్తింపు నంబరు, స్కాన్ చేస్తే చాలని అనుకుంటారు. ఆ నంబరు 2007కు ముందు 10 అంకెలు, ఆ తర్వాత 13. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఈ నంబరే ఉండదు. పేరు టైపు చేయాల్సిందే. ఒకరు 'గ్రంథం' అని, ఇంకొకరు 'గ్రంధం' అని కొడతారు. వెతికితే దొరకదు. ఈ తేడాలను పట్టుకునే చిన్న ప్రోగ్రాం రాసి, 'కోహా' అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఆ వివరాలు ఎక్కించి, ఒక చిన్న లైబ్రరీలో దాన్ని నిజంగా నడిపించి చూపిస్తే, తరగతిలో అందరూ ఒకరిది చూసి ఒకరు చేసే మినీ ప్రాజెక్టుల కన్నా అది ఎంతో నయం. గైడ్‌గా ఉన్న లెక్చరర్‌ను ముందే అడిగి ఒప్పించుకోమనండి. అప్పుడు ఈ పనీ చదువులో భాగమే అవుతుంది.

కాలేజీ వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) కిందదైతే నాలుగేళ్ల బీఈ విద్యార్థులు డిగ్రీకి 100 యాక్టివిటీ పాయింట్లు తెచ్చుకోవాలి. అవి సీజీపీఏలో కలవవు కానీ తప్పనిసరి. ఈ పని వాటి కింద లెక్కకొస్తుందేమో కోఆర్డినేటర్‌ను అడిగి, సంతకాలు అప్పటికప్పుడే తీసుకోవాలి. ఏడాది తర్వాత కాగితాల కోసం పరుగెత్తితే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

మార్కుల విషయంలో మాత్రం వాళ్ల నాన్నగారి భయం న్యాయమైనదే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు ముందు మార్కులతోనే వడపోస్తాయి, బ్యాక్‌లాగ్ ఉంటే పరీక్షకే కూర్చోనివ్వవు. 7.4 ప్రమాదం కాదు, కానీ అక్కడి నుంచి ఇంకా జారకూడదు. ఏడో సెమిస్టర్‌కల్లా కంపెనీలు వస్తాయి, ఇంటర్న్‌షిప్ ఎంపికలు కొన్ని ఇంకా ముందే మొదలవుతాయి. అందుకని సేకరణ ఏడాదికి ఒక్కసారే, సెమిస్టర్ పరీక్షలయ్యాక రెండు వారాలు పెట్టుకోమనండి. మిగతా రోజుల్లో వారానికి ఒక పూట లైబ్రరీకి వెళ్లి పిల్లలతో చదివించడం చాలు. ఆరో సెమిస్టర్ ముగిసేలోగా బాధ్యత రెండో ఏడాది పిల్లలకు అప్పగించాలి. తను లేకపోయినా నడిచేలా చేసిందంటే అదే నాయకత్వం. హాల్లో ఉన్న పెట్టెల సంగతి కూడా: ఈ ఆదివారమే విప్పించండి. పనికొచ్చేవి విడదీసి, మిగిలినవి పాత పుస్తకాల కొట్టుకో, కాగితం మిల్లుకో పంపేయండి. అందులో పాపమేమీ లేదమ్మా.

చివరి ప్రశ్న, లైబ్రరీ సైన్స్. ఉన్నదున్నట్టు చెప్తాను. ప్రభుత్వ లైబ్రరీల్లో ఖాళీలు తక్కువ, నోటిఫికేషన్లకు ఏళ్లు పడతాయి. ప్రైవేటు బడుల్లో జీతాలు బడిని బట్టి చాలా మారతాయి. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ మూల వేతనం 44,900తో మొదలవుతుంది. మాస్టర్స్ చేసి నెట్ అనే అర్హత పరీక్ష పాసైతే యూనివర్సిటీల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకు పోటీపడొచ్చు. అక్కడ మూల వేతనం 57,700, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. కానీ పోస్టులు కొద్ది, పోటీ ఎక్కువ. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇంకో దారి ఉంది. రంగనాథన్ 1962లో బెంగళూరులో స్థాపించిన డీఆర్‌టీసీ (డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్) ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భాగం. అక్కడ రెండేళ్ల మాస్టర్స్‌కు ఏ డిగ్రీ వాళ్లయినా ప్రవేశ పరీక్ష రాయొచ్చు, స్టైపెండూ ఇస్తారు. డేటాను వర్గీకరించడం, వెతికితే దొరికేలా అమర్చడం నేర్పే చదువు కాబట్టి సాఫ్ట్‌వేర్ వైపూ తలుపులు మూసుకుపోవు.

ఇప్పుడే తేల్చేయాల్సిన పని లేదు. బీఈ పూర్తి కానివ్వండి, ప్లేస్‌మెంట్‌కూ కూర్చోనివ్వండి. ఈలోగా ఒక రోజు మైసూరు రోడ్డులోని ఆ డీఆర్‌టీసీ క్యాంపస్‌కు మీరూ తనతో పాటు వెళ్లి, అక్కడ రెండో ఏడాది చదువుతున్నవాళ్లతో మాట్లాడి రండి. వాళ్ల సీనియర్లు ఎక్కడ పనిచేస్తున్నారో వాళ్లనే అడగండి.