కస్టమర్ కేర్ నంబర్ నెట్‌లో వెతకొద్దు

ప్రశ్న: అమ్మకు ఆన్‌లైన్‌లో చీర తెప్పిస్తే వేరే రంగుది వచ్చింది. వాపస్ పంపి పది రోజులైనా పైసలు పడలేదు. నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ చూసి ఫోన్ చేశాను. వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపి వేసుకోమన్నారు, వేసుకున్నాను. పేరు, ఫోన్ నంబర్ నింపాక కార్డు వివరాలు అడిగింది. అనుమానం వచ్చి ఆపేశాను. ఇంకా ప్రమాదం ఉందా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఉంది. కార్డు నంబర్ ఇవ్వలేదు కదా అని ఊరుకోకండి. ఇది చదువుతూనే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. బ్యాంకు నంబర్ కార్డు వెనకాలే ఉంటుంది, దాన్నీ నెట్‌లో వెతకొద్దు. ఖాతాలోంచి ఒక్క రూపాయి పోయినట్టు కనిపించినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటేలోపు చెప్తేనే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

ఇంత తొందర ఎందుకంటే, మీరు వేసుకున్నది ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్. వేసుకునేటప్పుడు మెసేజ్‌లు చదవనివ్వాలా అని ఫోన్ అడిగే ఉంటుంది, మీరు సరే అని నొక్కే ఉంటారు. ఇక మీకొచ్చే ఓటీపీ మీరు చూసేలోపే ఆ దొంగకు చేరుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు ఏళ్లుగా చెప్తున్నాయి. ఇక్కడ మీరు నోరు విప్పాల్సిన పనే లేదు. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇచ్చి ఉంటే ఇంకా ఘోరం. చూపు సరిగా లేనివాళ్లకు సాయంగా పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్ చేతిలో పడితే స్క్రీన్ మీదున్నది చదువుతుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది.

ఇలాంటి యాప్‌లు కొన్ని ఐకాన్ కనపడకుండా దాక్కుంటాయి. సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో చూడండి. తీసేస్తుంటే పోకపోతే ముందు సెట్టింగ్స్‌లోనే ఉండే డివైస్ అడ్మిన్ యాప్స్‌లోకి వెళ్లి దాని పక్కన టిక్ తీసేయాలి. నన్నడిగితే ఇవన్నీ ఎందుకు, ఫొటోలు, కాంటాక్టులు దాచుకొని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసేయండి, అంటే అందులో ఉన్నదంతా తుడిచేసి కొత్త ఫోన్‌లా చేయడం. పాస్‌వర్డులు మాత్రం వేరే ఫోన్ నుంచి మార్చండి, మొదట ఈమెయిల్‌ది.

పోయిన డబ్బు బ్యాంకు ఎలాగూ ఇస్తుందన్న భరోసా పెట్టుకోవద్దు. ఆర్‌బీఐ 2017 నిబంధనల ప్రకారం పిన్, ఓటీపీ లాంటివి మన అజాగ్రత్త వల్ల బయటికి పోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే ఫోన్ చేసిన టైమ్, ఫిర్యాదు నంబర్ రాసిపెట్టుకోండి.

కరీంనగర్, మంచిర్యాల, జగిత్యాల నుంచి కూడా ఇదే ఉత్తరం వస్తూనే ఉంది. ఒకరికి మిక్సీ, ఇంకొకరికి చెప్పులు, అంతే తేడా. కొనేటప్పుడు జాగ్రత్తగానే ఉన్నారు, పైసలు వాపస్ అడిగేటప్పుడు మోసపోయారు. నంబర్ కోసం నెట్‌లో ఎందుకు వెతికారు? యాప్‌లో కనపడలేదు కాబట్టి. కొనే బటన్ వేలికి తగిలేంత దగ్గర్లో ఉంటుంది. సాయం కావాలంటే ప్రొఫైల్‌లోకి వెళ్లాలి, కిందికి జరపాలి, ఆర్డర్ ఎంచుకోవాలి, చాట్‌బాట్ ఇచ్చిన నాలుగు సమస్యల్లో మనది లేకపోయినా ఏదో ఒకటి నొక్కాలి. మళ్లీ మొదటికే వస్తాం. ఇది తెలియక చేసిన డిజైన్ అంటే నేను నమ్మను. కస్టమర్ కేర్, ఫిర్యాదుల అధికారి వివరాలు స్పష్టంగా చూపాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. చాలా యాప్‌లలో ఆ పేజీ అట్టడుగున, సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. పండగ ఆఫర్లు తెలుగులో ఊదరగొట్టేవాళ్లు ఫిర్యాదు బటన్ తెలుగులో పైన పెట్టలేరా? వాళ్లు దాచిన నంబర్ స్థానంలోనే దొంగలు తమ నంబర్ పెట్టి కూర్చుంటున్నారు.

మీ చీర డబ్బుల సంగతి యాప్‌లోని ఆర్డర్ పేజీ నుంచే అడగండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ప్రశ్న: పార్సిల్ వచ్చింది, అడ్రస్ దొరకట్లేదు అని ఫోన్ వచ్చింది. స్టార్ 21 స్టార్, తర్వాత డెలివరీ బాయ్ నంబర్, చివర హ్యాష్ కొట్టమన్నాడు. కొట్టాను. తర్వాత నాకు ఫోన్లు రావడం లేదు. – కిరాణా వ్యాపారి, జమ్మికుంట

జవాబు: మీ ఫోన్లు వాడికి పోతున్నాయి. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. వాట్సాప్ లాగిన్ కోడ్ ఫోన్ కాల్‌లో కూడా వస్తుంది కాబట్టి, వాడు దాన్ని విని మీ వాట్సాప్‌లోకి దూరి మీ వాళ్లందరినీ అప్పు అడుగుతాడు. ఇప్పుడే ##002# కొట్టండి, ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. బ్యాంకుకు కూడా చెప్పండి. నిజమైన డెలివరీ బాయ్ దారి అడుగుతాడు, కోడ్ కొట్టమనడు.

ప్రశ్న: షాపింగ్ యాప్‌లో కార్డు సేవ్ చేయొచ్చా? – విద్యార్థి, కాజీపేట

జవాబు: మన దేశంలో 2022 అక్టోబరు 1 నుంచి షాపింగ్ సైట్లు కార్డు నంబర్ దాచుకోకూడదు, దాని బదులు ఒక టోకెన్, అంటే అసలు నంబర్ కాని మారు కోడ్ మాత్రమే ఉంటుంది. కాబట్టి పేరున్న యాప్‌లో పర్వాలేదు. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆపేయండి. విదేశీ సైట్లు కొన్ని ఓటీపీ అడక్కుండానే డబ్బు లాగుతాయి. ఇంకా భయమైతే తక్కువ డబ్బున్న రెండో ఖాతా కార్డునే షాపింగ్‌కు వాడండి.