పాత సిటీకి వేరే గేర్‌బాక్స్: చీటీ పాడే ముందు ఒక్క మాట

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరు. ఆరెకరాల చెరువు లీజుకి తీసుకుని రొయ్య వేస్తున్నాను. 2007 నవంబరులో కొన్న హోండా సిటీ ఉంది, సీవీటీ ఆటోమేటిక్, అంటే విడి గేర్లు లేకుండా బెల్టూ పుల్లీల మీద నడిచేది. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కే బండి ఇక నా వల్ల కాదు. ఈమధ్య బండి కదిలేటప్పుడు గడగడా వణుకుతోంది. సీవీటీ పోయింది, అది దొరకదు, 2010 సిటీలో వచ్చే 5 గేర్ల ఆటోమేటిక్ వేసేద్దాం, అన్నీ కలిపి 1,55,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. బండి ఉన్నదున్నట్టు అమ్మితే 70 వేలు వస్తాయట. తణుకులో 2015 సెలెరియో ఆటో గేర్ 3 లక్షలకి ఉందని మా బావమరిది చెబుతున్నాడు. చేతిలో డబ్బు లేదు. నెలకి 15 వేల చొప్పున 20 నెలల చీటీ కడుతున్నాను, ఇది ఎనిమిదో నెల. 60 వేలు వదులుకుంటే ఈ నెల నాకే వస్తుంది. పాడెయ్యనా?

జవాబు: వద్దండీ. చీటీ సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ వణుకు సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు జబ్బేంటో తేలకుండా లక్షన్నర మందు రాసేశాడు మీ మెకానిక్.

మీ బండి ఆగి కదిలేటప్పుడే వణుకుతోందా, లేక 60లో పోతున్నప్పుడు కూడా జారుతున్నట్టు, ఇంజన్ అరుస్తూ బండి ముందుకు పోనట్టు ఉంటోందా? మన డెల్టాలో ఎత్తు అంటే కాలవ వంతెనే కదా. వంతెన మొదట్లో ఆపి మెల్లగా ఎక్కించండి. ఆ మొదటి పది గజాలు వణికి తర్వాత శుభ్రంగా పోతుంటే, గేర్‌బాక్స్ మొత్తం పోయిందని అప్పుడే ఏడవక్కర్లేదు. ఆ తరం సిటీ సీవీటీలో మామూలు ఆటోమేటిక్‌లో ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ లేదు, దాని బదులు బండిని కదిలించడానికి స్టార్ట్ క్లచ్ అని లోపల ఒకటి ఉంటుంది, ఆయిల్ పాతబడితే అది పట్టీ పట్టనట్టు పట్టి బండిని వణికిస్తుంది. ఇదే సీవీటీ వేసిన హోండా బండ్లకి బయటి దేశాల్లో కూడా ఉన్న పాత జబ్బే. సరైన సీవీటీ ఆయిల్ మార్చి, స్టార్ట్ క్లచ్‌ని మళ్ళీ సెట్ చేస్తే చాలా బండ్లు దారికొస్తాయి. ఖర్చు వేలల్లోనే, లక్షల్లో కాదు. మామూలు గేర్ ఆయిల్ పోస్తే మాత్రం ఉన్నది కూడా పోతుంది, డబ్బా మీద ఏం రాసుందో మీరే చదివి పోయించండి.

ఆయిల్ వదిలేటప్పుడు దగ్గర నిలబడండి. కాస్త తెల్లగుడ్డ మీద పోసి ఎండలో చూడండి. నల్లగా ఉంటే పాతదని అర్థం. వెండి రజనులా మెరిసే ముక్కలుంటే లోపల స్టీలు బెల్టూ పుల్లీలూ అరిగిపోతున్నట్టు, అప్పుడు ఆ బండి మీద ఇంకో రూపాయి పెట్టకండి.

ఇక ఆ 5 గేర్ల సంగతి. 2010 సిటీ, మీ సిటీ పేరుకే అన్నదమ్ములు. మీది 8 వాల్వుల ఐ-డీఎస్ఐ ఇంజన్, సిలిండర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్గులు. అది 16 వాల్వుల ఐ-వీటెక్. ఆ గేర్‌బాక్స్ తన ఇంజన్ కంప్యూటర్ చెప్పే భాష వింటుంది, మీ ఇంజన్ ఆ భాష మాట్లాడదు. మాట కలవకపోతే ఒకే గేరులో ఇరుక్కుని డాష్‌బోర్డులో లైటు వెలుగుతూ కూర్చుంటుంది. అంటే కంప్యూటర్, వైరింగు, గేరు లీవరు, మౌంటింగులు, చక్రాలకి వెళ్ళే యాక్సిల్ షాఫ్టులు, ఒకదాని వెనక ఒకటి మార్చుకుంటూ పోవాలి. ‘అన్నీ కలిపి’ అన్నాడు కదా, ఆ అన్నీ ఏమిటో కాగితం మీద ఒక్కొక్కటీ రాసి సంతకం పెట్టమనండి. రాయకపోతే అదే మీకు జవాబు.

మా నాన్న అంబాసిడర్‌కి మెటడార్ డీజిల్ ఇంజన్ వేయించిన రోజులు నాకు గుర్తు. ఆ తర్వాత ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా మొదట చెప్పే మాట ఒకటే: ‘ఇది ఎవరు వేశారండీ?’ వేసినవాడు ఊరు మారిపోయాడు, చివరికి బండిని తూకానికి ఇచ్చేశాం. అవి పానాతోనే పని జరిగే బండ్లు, మీది కంప్యూటర్ బండి.

కాగితాల గొడవ కూడా ఉంది. అదే రకం గేర్‌బాక్స్ మారిస్తే అది రిపేరు. కంపెనీ ఇవ్వని రకం వేస్తే అది మార్పు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పుల మీదే ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదనే చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మారిస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్ళకి సాకు దొరుకుతుంది.

ఇప్పుడు డబ్బు. మీరు 1,55,000 ఒక్కటే చూస్తున్నారు. చీటీ 60 వేలకి పాడితే, కమిషన్ 5 శాతం, అంటే 15 వేలు కూడా పోయి చేతికి వచ్చేది 2,25,000. చివరి నెల దాకా ఆగితే 2,85,000. పోయే 60 వేలల్లో గేర్‌బాక్స్ వాటా కట్టినా 41 వేలు పైనే. అంటే ఆ గేర్‌బాక్స్ మీకు దాదాపు 1,96,000 పడుతుంది. మిగిలిన 70 వేలు ఏమవుతాయో నేను చెప్పక్కర్లేదు, మేత బాకీకో పెళ్ళి చదివింపులకో వెళ్ళిపోతాయి. 70 వేల బండికి రెండు లక్షల గేర్‌బాక్స్! హైదరాబాద్ వాళ్ళు చారాణా కోడికి బారాణా మసాలా అంటారు చూడండి, ఇక్కడ కూడా లెక్క దాదాపు అంతే.

పైగా ఎన్నాళ్ళకి? మీ ఆర్‌సీ 2022లో ఐదేళ్ళకి రెన్యువల్ చేయించి ఉంటారు, 2027 నవంబరుతో అది తీరిపోతుంది. అప్పటికి బండికి 20 ఏళ్ళు. 20 ఏళ్ళు దాటిన కార్ల రెన్యువల్ ఫీజుని 2025 ఆగస్టులో కేంద్రం 10 వేలు చేసింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. అప్పటికి ఈ అతుకుల బండి కొనేవాడు దొరకడం కూడా కష్టమే, ‘సీవీటీ కాదు, వేరేది వేయించాం’ అనగానే బేరం సగానికి పడిపోతుంది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం ఆయిల్ మార్పించి స్టార్ట్ క్లచ్ సెట్ చేయించండి. వణుకు తగ్గిందా, 2027 దాకా హాయిగా నడుపుకోండి, కథ అక్కడితో సరి. తగ్గలేదా, 70 వేలకి ఇచ్చేసి సెలెరియో చూడండి. దాని ఆటో గేరు లోపల మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మీ కాలి బదులు హైడ్రాలిక్ పంపు చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అలవాటైపోతుంది. క్లచ్ ప్లేటు అరిగితే మార్చగలిగేవాళ్ళు భీమవరంలోనే దొరుకుతారు. ఆర్‌సీ 2030 దాకా ఉంటుంది. కొనేముందు డ్రైవరు సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర చూడండి. బురద చార కనిపిస్తే లేచి వచ్చేయండి, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు నీళ్ళలో నిలబడ్డాయో మీకు తెలుసు, అవన్నీ తుక్కులోకి వెళ్ళలేదు.

సెలెరియోకి తక్కువ పడేది 2,30,000. దీనికీ చీటీ పాడకండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. ఏడాదికి 10 శాతం వేసుకున్నా వడ్డీ 23 వేలు. చీటీలో వదిలేసే 60 వేలెక్కడ, ఈ 23 వేలెక్కడ? చీటీ ఇంకా 12 నెలలే ఉంది, చివర్లో వచ్చే 2,85,000లోంచి అసలూ వడ్డీ కలిపి 2,53,000 కట్టేసి బంగారం విడిపించుకోవచ్చు, 32 వేలు మిగులుతాయి కూడా. రొయ్యల పట్టుబడి డబ్బుతో తీరుద్దామని మాత్రం అనుకోకండి. తెల్లమచ్చ తెగులు వస్తే ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు, 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఎలా జారిందో కూడా చూశారు. నెలనెలా ఆ 15 వేలు ఆగకుండా కట్టగలనని నమ్మకం లేకపోతే సెలెరియో కూడా వద్దు, బావమరిదిని ఇంకో పంట దాకా ఆగమనండి.

ఆయిల్ వదిలిన రోజు ఆ గుడ్డ ఫోటో తీసి పంపండి, రజను ఉందో లేదో నేనూ చూస్తాను.