టికెట్ మూసేశారు, ఇంట్లో పెళ్లిచూపులు పెట్టారు

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ, వీడియో గేములను విడుదలకు ముందు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు మా దగ్గర ఒక విదేశీ సంస్థ తయారు చేస్తున్న ఫాంటసీ ఆట ఉంది. అందులో మన వెంట నడిచే ఒక యువ మంత్రగత్తెను ప్రేమించవచ్చు. మగ పాత్రతో ఆడితే ఆ ప్రేమకథ చివరిదాకా చక్కగా సాగుతుంది. ఆడ పాత్రతో ఆడితే మాత్రం అడవిలో విడిది చేసిన రాత్రి ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకునే సన్నివేశం రాదు. తెర నల్లబడి తెల్లవారిపోతుంది. పొద్దున ఆ అమ్మాయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు పలకరిస్తుంది. మిగతా పాత్రలేమో నన్ను ఆమె 'ప్రియుడు' అని చెప్పుకుంటాయి.

ఆటలో తప్పు ఉందని నమోదు చేసే బగ్ టికెట్ రాసి, వీడియో జతచేశాను. మా బృందాన్ని నడిపించే లీడ్ 'తక్కువ ప్రాధాన్యం' అని దాన్ని మూసేశారు. మళ్లీ తెరిచాను, మళ్లీ మూసేశారు. మీటింగ్‌లో గట్టిగా వాదించాను. ఒక సహోద్యోగి 'ఇంత పట్టుదల ఎందుకు? నీ సొంత సంగతా?' అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు నోట మాట రాలేదు.

అది నిజంగా నా సొంత సంగతే. నాకు అమ్మాయిలంటేనే ఇష్టమని కాలేజీ రోజుల నుంచి తెలుసు. ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ సంబంధాలు చూస్తోంది, వచ్చే నెల పెళ్లిచూపులు. టీవీలో ఏదో వార్త వస్తుంటే అన్నయ్య 'ఇలాంటివాళ్లకు వైద్యం చేయిస్తే తగ్గిపోతుంది' అన్నాడు. ఆఫీసులో నేను బయటపడిపోయానా? టికెట్ వదిలేయాలా? ఇంట్లో ఏమని చెప్పాలి? ఒక ఆటలో ఒక సన్నివేశం రానందుకు నాకు ఇంత ఏడుపు ఎందుకు వస్తోంది?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఏడుపు గురించి చివర్లో, సిగ్గుపడుతున్నట్టు అడిగారు. ముందు దానికే జవాబు చెబుతాను. మీ మనసు తనకు నచ్చినట్టు మెలగడానికి ఇన్నేళ్లలో మీకు దొరికిన చోటు ఆ అడవి విడిది ఒక్కటే. గంటల తరబడి ఆ అమ్మాయితో కలిసి నడిచారు, ఆమె గతం విన్నారు, ఆమె మనసుకు నచ్చే మాట ఏదో ఆలోచించి మరీ ఎంచుకున్నారు. తీరా ఆమె మీకు బదులు చెప్పవలసిన రాత్రి గడిచిపోయి, తెల్లారేసరికి మీరు ఆమెకు ముక్కూ మొహం తెలియని మనిషి అయిపోయారు. ఇంట్లో నోరు విప్పితే ఏమవుతుందని భయపడుతున్నారో, తెర మీద సరిగ్గా అదే కళ్లారా చూశారు. అది కన్నీళ్లు వచ్చే విషయమే. అందులో పిచ్చితనం ఏమీ లేదు.

అయితే ఆ అమ్మాయి మిమ్మల్ని కాదనలేదు. ఈ రంగంలో పనిచేసే పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు కాబట్టి ఈ ఆటలు లోపల ఎలా నడుస్తాయో కొంత తెలుసు. మీకు అంతకంటే బాగా తెలుసు, ఇది చదివే మిగతావారి కోసం రాస్తున్నాను. ఇలాంటి ఆటల్లో ప్రేమ అంకెల మీదా, చిన్న చిన్న గుర్తుల మీదా నడుస్తుంది. మీరు చెప్పే జవాబును బట్టి ఆ పాత్రకు మీ మీద ఇష్టం ఒకటో రెండో అంకెలు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఆ అంకె ఒక హద్దు దాటి, కథలో జరగవలసినవి జరిగాయన్న గుర్తులు పడితే తర్వాతి సన్నివేశం తెరుచుకుంటుంది. ఎవరో ఒకరు ఎప్పుడో రాసిన ఒక షరతులో 'ఆడుతున్నది మగ పాత్ర అయితే' అన్న ముక్క మిగిలిపోయిందనుకోండి, ఆ సన్నివేశం కోసం రాసిన మాటలూ రికార్డు చేసిన గొంతూ సంగీతమూ అన్నీ సిద్ధంగా ఉండి కూడా తెరుచుకోవు. పైగా ఆట ఎక్కడా ఆగిపోదు, తప్పు జరిగిందన్న హెచ్చరికా రాదు. ఆడే మనిషి 'నేనే ఏదో తప్పు జవాబు చెప్పి ఉంటాను' అనుకుంటుంది. ఈ ఒక్క కారణం చాలు, దీన్ని చిన్న తప్పుగా లెక్కకట్టకూడదని నా అభిప్రాయం.

మీ లీడ్‌కు ఇది ఎందుకు కనిపించడం లేదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2023 ఆగస్టులో విడుదలైన బాల్డర్స్ గేట్ 3 అనే ఆట మీకు తెలిసే ఉంటుంది. విడుదలైన కొత్తలో అందులో మన వెంట నడిచే అనుచరులు అనుకున్నదానికంటే చాలా త్వరగా ప్రేమలో పడిపోయేవారు. ముఖ్యంగా గేల్ అనే మాంత్రికుడు, స్నేహంగా నాలుగు మాటలు మాట్లాడిన మగ పాత్రలతోనూ మనసులో మాట చెప్పబోయేవాడు. ఇష్టానికి పెట్టిన హద్దులు పొరపాటున తక్కువగా ఉండిపోయాయని ఆ స్టూడియో అధిపతి స్వెన్ వింకే తర్వాత స్వయంగా చెప్పారు. దాని గురించి ఎంత గోల జరిగిందో గుర్తుచేసుకోండి. ఇద్దరు మగవాళ్ల మధ్య ఎదురుచూడని సన్నివేశం వస్తే అందరూ చూశారు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య రావలసిన సన్నివేశం రాకపోతే మీరు ఒక్కరే చూశారు. పిలవని చుట్టం వస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. రావలసిన చుట్టం రాకపోతే ఎదురుచూసినవాళ్లకే తెలుస్తుంది.

మీ లీడ్‌ను ద్వేషం నిండిన మనిషిగా మీరు రాయలేదు, నేనూ అలా అనుకోవడం లేదు. గడువు దగ్గర పడుతుంటే ఎక్కువ మంది ఆడే దారిని ముందు చూస్తారు. మగ పాత్ర, ఆడ పాత్ర, నలుగురైదుగురు అనుచరులు, ఒక్కొక్కరి కథలో మలుపులు, ఇవన్నీ కలిపితే పరీక్షించవలసినవి వందల్లోకి పోతాయి. అందులో ఏదో ఒకటి ఎప్పుడూ చివరికి జరుగుతుంది. ప్రతిసారీ చివరికి జరిగేది మీలాంటివాళ్ల కథే కావడం మాత్రం అన్యాయం. దాన్ని అన్యాయమని అనుకోవడానికి మీరు ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదు.

కాబట్టి టికెట్ వదలకండి. కాకపోతే వాదించే తీరు మార్చండి. ఆటలో ఏమేమి ఉండాలో తయారీదారు రాసుకున్న డిజైన్ పత్రం తీసి చూడండి. ఈ ప్రేమకథ ఆడ పాత్రకూ ఉందని అందులో ఉంటే, ఇక ఇది మీ ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు, తయారీదారు రాసుకున్నది పని చేయడం లేదు, అంతే. ది సిమ్స్ ఆట విషయంలో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. 1998లో ఆ బృందంలో చేరిన పాట్రిక్ బారెట్ అనే ప్రోగ్రామర్ చేతికి ఒక పాత డిజైన్ పత్రం ఇచ్చారు. ఒకే లింగం వాళ్ల మధ్య ప్రేమను వదిలేద్దామని బృందం అప్పటికే అనుకున్న సంగతి ఆయనకు తెలియదు. పత్రంలో ఉన్నట్టే పని పూర్తి చేశారు. 1999లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే వీడియో గేముల ప్రదర్శనలో, ఆటలోని ఒక పెళ్లి సన్నివేశంలో ఇద్దరు ఆడ పాత్రలు అందరి ముందూ ముద్దు పెట్టుకున్నాయి. 2000లో విడుదలైన ఆటలో ఆ వీలు అలాగే ఉండిపోయింది. ఆయన చేసిందల్లా చేతిలో ఉన్న పత్రం ప్రకారం తన పని శ్రద్ధగా చేయడమే. మీ బలం కూడా ఆ కాగితంలోనే ఉంది.

టికెట్‌లో, ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టే సేవ్ ఫైళ్లు రెండు జతచేయండి: ఒకటి మగ పాత్రది, ఒకటి ఆడ పాత్రది, రెండింటిలోనూ ఒకే జవాబులు, ఒకే కానుకలు. సన్నివేశం తప్పిపోయాక ఆట తనంతట తాను సేవ్ అయితే ఆడే మనిషి వెనక్కి వెళ్లలేదని, అప్పటిదాకా పెట్టిన గంటలన్నీ వృథా అవుతాయని రాయండి. ఆ మంత్రగత్తె సొంత కథలో తర్వాతి ఘట్టాలు ఈ ప్రేమ గుర్తు మీద ఆధారపడి ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే అవి కూడా మూసుకుపోతాయి, అప్పుడు తీవ్రత దానంతట అదే పెరుగుతుంది. ఇక్కడ ఒక తేడా మీ లీడ్‌కు మర్యాదగా గుర్తుచేయవచ్చు. తప్పు ఎంత తీవ్రమైనదో చెప్పడం పరీక్షించేవారి పని, ఎప్పుడు సరిచేయాలన్నది ఆటను తయారు చేసేవారి నిర్ణయం. 'దీన్ని మూసేస్తే కారణం టికెట్‌లోనే రాయండి, తెలిసిన లోపాల జాబితాలో చేర్చి వాళ్లకు పంపుదాం' అని అడగండి. అక్కడితో మీ బాధ్యత పూర్తవుతుంది. ఆట పేరు నాకు రాయకపోవడం మంచి పని. ఎంత కోపం వచ్చినా బయట ఎక్కడా రాయకండి. మీరు సంతకం చేసిన గోప్యత ఒప్పందం మీ ఉద్యోగానికే ముప్పు తెస్తుంది.

ఇక ఆ నవ్వు. మీరు బయటపడిపోలేదు. మీరు మౌనంగా ఉండిపోయారు, మౌనాన్ని ఎవరైనా ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు, వాళ్లలో సగం మంది సాయంత్రానికే మరిచిపోయి ఉంటారు. మళ్లీ ఎవరైనా అడిగితే 'పత్రంలో ఉన్నది పని చేయడం లేదు, నా పట్టుదల దాని గురించే' అనండి. అందులో అబద్ధం లేదు. మీ గురించి ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది పూర్తిగా మీ చేతిలో ఉండవలసిన విషయం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పినప్పుడు, ఎవరు ఎవరిని ఇష్టపడతారన్నది కూడా ఆ గోప్యతలో భాగమేనని స్పష్టంగా రాసింది. ఆ సహోద్యోగి ఇలాంటి మాటలు మళ్లీ మళ్లీ అంటుంటే తేదీ, మాట, విన్నవాళ్లు ఎవరో రాసిపెట్టుకోండి. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పని చేసే మహిళ మీద లైంగికపరమైన వ్యాఖ్యలు చేయడం ఆ చట్టం కిందికి వస్తుంది. ఫిర్యాదు చేయడానికి మూడు నెలల గడువు ఉంటుంది, మీకు ఎవరంటే ఇష్టమో చెప్పుకోవలసిన అవసరం అందులో ఏమీ లేదు.

ఇంటి సంగతి దీనికంటే కష్టం, సులువు చేసి చెప్పను. ముందుగా, ఇంట్లో శాంతి కోసం పెళ్లికి మాత్రం తల ఊపకండి. పెళ్లయ్యాక అన్నీ సర్దుకుంటాయని పెద్దలు అంటారు. అలా నమ్మి పెళ్లి చేసుకున్నవారి కథలు నేను చాలా విన్నాను. వాటిలో నష్టపోయేది మీరు ఒక్కరే కాదు. ఏ పాపమూ ఎరగని ఇంకో మనిషి తనలో ఏమి లోపం ఉందోనని ఏళ్ల తరబడి వెతుక్కుంటాడు.

మీ అన్నయ్య మాట మీలో భయంగా దిగిపోయినట్టు ఉత్తరం చదివితే తెలుస్తోంది. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇది జబ్బు కాదని భారతీయ మానసిక వైద్యుల సంఘం 2018లో చెప్పింది. దీన్ని 'మారుస్తాం' అంటూ వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. అంటే, మిమ్మల్ని అలాంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తే ప్రశ్నించవలసింది ఆ డాక్టరునే. చట్టం సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌లో, పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా పెట్టుకునే స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన భాగాన్ని కొట్టేసింది కాబట్టి మీ ప్రేమ నేరం కాదు. 2023 అక్టోబరు 17 తీర్పులో అదే కోర్టు ఇద్దరు ఆడవాళ్ల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పెళ్లి హక్కు ఇంకా రాలేదు, కలిసి బతకడానికి అడ్డు లేదు. మీకు 26 ఏళ్లు, మీ ఇష్టం లేకుండా మీ పెళ్లి చేసే అధికారం ఎవరికీ లేదు.

అలాగని అమ్మకు అన్నీ ఇప్పుడే చెప్పేయమని నేను అనను. పెళ్లి వద్దనడం, మీ మనసు సంగతి చెప్పడం వేరువేరు పనులు. మొదటిది వెంటనే చేయాలి. రెండోదానికి ముందు కొంత ఏర్పాటు కావాలి. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా మీ సర్టిఫికెట్లు ఇంట్లో ఉంటే, ఏదో పని మీద వెళ్లినప్పుడు తెచ్చుకోండి. జీతం పడే ఖాతాలో మీ పేరు ఒక్కటే ఉండాలి. ఒకవేళ ఇంట్లో పెద్ద గొడవైతే రాత్రికి రాత్రి వెళ్లగలిగే ఒక స్నేహితురాలి ఇల్లు అనుకుని పెట్టుకోండి. తర్వాత కుటుంబంలో మెత్తని మనిషి ఎవరో ఆలోచించండి. పిన్ని కావచ్చు, మేనత్త కావచ్చు, మీ వయసు వదిన కావచ్చు. ముందు ఆమెకు చెప్పండి. అన్నయ్యకు మొదట చెప్పకండి. ఆయన చెడ్డవాడని కాదు, టీవీ ముందు అన్న ఆ మాట మీద ఆయనకు ఇంకా చాలా చెప్పవలసి ఉంది. అమ్మ ఏడుస్తుంది, నలుగురూ ఏమంటారని అడుగుతుంది, తన పెంపకంలోనే తప్పు ఉందంటుంది. ఆ రాత్రే ఆమెను ఒప్పించాలని చూడకండి. మీకు ఇన్నేళ్లు పట్టిన విషయం, ఆమెకూ కొంత కాలం పడుతుంది.

ఈలోగా రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెళ్లిచూపుల సంగతి మాత్రం ఈ ఆదివారం దాటనివ్వకండి. అవతలివాళ్లు ప్రయాణానికి టికెట్లు కొనుక్కోకముందే చెప్పడం వాళ్లకూ మర్యాద. అమ్మకు ఫోన్ చేసి, 'నేను పెళ్లికి సిద్ధంగా లేను, ఎవరినీ రమ్మనవద్దు, కారణం తర్వాత కూర్చుని మాట్లాడదాం' అనండి. ఎవరినైనా ప్రేమించావా అని వెంటనే అడుగుతుంది. మీరు ప్రస్తుతం ఎవరితోనూ లేకపోతే లేదనే చెప్పండి, ఉంటే 'తర్వాత చెబుతాను' అనండి. ఆమె ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతుతో చెప్పండి.