ముందు పటం అంచులు చదువు

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఆ చిన్న ఊరు ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవడానికి దాని పాత పటాలు నాలుగు సంపాదించావనీ, బల్ల మీద పక్కపక్కన పరిచి రెండు రోజులుగా చూస్తున్నావనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. చాలా సంతోషం వేసింది. ఈ పనిలో నాకు ఇన్నేళ్లలో తెలిసివచ్చినవి నీకు వరసగా చెప్పాలనుంది. వరస తప్పినా ఏమీ అనుకోకు, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

పోల్చడం ఇప్పుడే మొదలుపెట్టకు. నాలుగింటినీ విడివిడిగా, ఒక్కోదాన్నీ ఉత్తరం చదివినట్టు చదువు. అదీ అంచుల నుంచి చదువు. ఎప్పుడు సర్వే చేశారు, ఎప్పుడు సవరించారు, ఎప్పుడు అచ్చువేశారు, ఎవరు వేయించారు, స్కేలు ఎంత, ఏ గుర్తుకు ఏమిటి అర్థం, ఇవన్నీ మామూలుగా అంచుల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్కాన్ చేసేవాళ్లు చాలాసార్లు ఆ అంచుల్నే కత్తిరించేస్తారు. నీ దగ్గరున్న వాటిలో అలాంటిది ఉంటే పూర్తి కాగితం ఎక్కడుందో వెతికి తెచ్చుకో. అది దొరికేదాకా ఆ పటాన్ని పక్కన పెట్టు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి పనిలో నేను చేసిన తప్పు ఇదే. పటం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న సంవత్సరాన్ని చూసి, ఆ ఏడు ఊరు ఇలా ఉందనుకున్నాను. తీరా అది అచ్చువేసిన సంవత్సరం. సర్వే అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు జరిగింది. మధ్యలో కొత్తగా పడిన రోడ్డును మాత్రం గీసి, ఇళ్ల జోలికి పోకుండా మళ్లీ అచ్చువేశారు. నేనేమో 'రోడ్డు వచ్చినా ఊరు పెరగలేదు' అని రాసేశాను. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ ఆ ముక్క చదివించుకుని విని, 'రోడ్డు పడుతుండగానే ఇళ్లు లేచాయయ్యా, మా ఇల్లు అందులో మొదటిది' అంది. ఆమె ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పటి నుంచి ప్రతి పటం నకలు మీదా సర్వే ఏడు, సవరణ ఏడు, అచ్చు ఏడు విడిగా రాసుకోనిదే పనిలోకి దిగను.

తర్వాత, ఆ పటం ఎవరి అవసరానికి పుట్టిందో తెలుసుకో. నెపోలియన్ కాలంలో, 1807 చట్టంతో మొదలైన ఫ్రాన్సు భూమి పటాలు శిస్తు కోసం వేసినవి. అందుకే వాటిలో ప్రతి కమతం హద్దూ శ్రద్ధగా ఉంటుంది. ఇంగ్లండులో 1836 చట్టం తర్వాత చర్చికి ఇచ్చే పన్ను లెక్క తేల్చడానికి వేసిన పటాలతోపాటు ఒక జాబితా కూడా ఉంటుంది. ఏ నంబరు భూమి చెక్క ఎవరిది, దాన్ని ఎవరు సాగు చేస్తున్నారు, ఆ పొలాన్ని ఏమని పిలుస్తారు, విస్తీర్ణం ఎంత అన్నది అందులో రాసి ఉంటుంది. పటం ఒక్కటే చూసి ఆ జాబితా చూడకపోతే సగం పని వదిలేసినట్టే. అమెరికాలో 1867లో మొదలైన సాన్‌బార్న్ కంపెనీ అగ్ని బీమా వాళ్ల కోసం పట్టణాల పటాలు వేసింది. ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, కొయ్య కట్టడాలకు పసుపు రంగు. ఏ ఇల్లు ఎంత తొందరగా అంటుకుంటుందన్నదే వాళ్లకు కావాలి, పెరట్లో ఏం పండిందన్నది అక్కర్లేదు.

ఆ బీమా పటాల్లో నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. ఊళ్లో ఏదైనా మారితే కొత్త పటం వేయకుండా, మారిన చోటుకు సరిపోయే చిన్న కాగితం ముక్కను పాతదాని మీద అతికించేవారు. అంటే ఒక్క కాగితం మీదే రెండు మూడు కాలాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అలాంటివి చేతికి వచ్చినప్పుడు వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడు, అతుకుల అంచులు కనిపిస్తాయి. పీకే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకు.

స్కేలు గురించి నువ్వు అడగలేదు కానీ, కొత్తవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. మైలుకు అంగుళం పటం అంటే 1:63,360, కాగితం మీద ఒక అంగుళానికి నేల మీద 63,360 అంగుళాలు. దాని మీద ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. పది మీటర్ల వెడల్పున్న ఇంటిని నిజమైన కొలతలో గీస్తే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా రాదు. అందుకని అక్కడ కనిపించే చుక్క ఇంటికి గుర్తు మాత్రమే, ఇంటి ఆకారం కాదు. పది ఇళ్లుంటే నాలుగు చుక్కలు పెట్టి ఊరుకోవచ్చు. అదే మైలుకు ఆరు అంగుళాల పటంలో, అంటే 1:10,560లో, ఒక మిల్లీమీటరుకు పదిన్నర మీటర్లే. 1824 నుంచి 1846 దాకా ఐర్లండు మొత్తాన్ని ఈ స్కేలులోనే వేశారు. ఇప్పుడు నువ్వు మైలుకు ఆరు అంగుళాల లాంటి పాత పెద్ద స్కేలు పటాన్నీ, మైలుకు అంగుళం లాంటి తర్వాతి చిన్న స్కేలు పటాన్నీ పక్కపక్కన పెట్టావనుకో, ఊరు సగం ఖాళీ అయిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక్క కుటుంబం కూడా కదిలి ఉండకపోవచ్చు. నీ నాలుగింటిలో స్కేలు దగ్గరగా ఉన్న రెండు ఏవో చూసుకుని వాటితోనే మొదలుపెట్టు.

ఇక ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం. కంప్యూటర్‌లో క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నేర్చుకో, చాలా పనికొస్తుంది. కానీ మొదటి పటానికి మాత్రం ట్రేసింగ్ కాగితం, పెన్సిలు తీసుకుని చేత్తో గియ్యి. ఒక గీతను నీ చెయ్యి గీసినప్పుడు, ఆ దారి అక్కడ ఎందుకు వంపు తిరిగిందని నీ మనసు అడుగుతుంది. మౌస్‌తో క్లిక్ చేసినప్పుడు నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు.

కంప్యూటర్‌లో పాత పటాన్ని ఇప్పటి పటానికి అతికించాలంటే రెండింటిలోనూ మారకుండా ఉన్న బిందువులు కావాలి. పాత గుడి, చర్చి, మసీదు మూలలు, రాతి వంతెన, పాత కూడలి, హద్దురాళ్లు మంచివి. ఏటి ఒడ్డు, చెట్టు, మట్టిబాట వంపు వద్దు, అవి కదులుతాయి. బిందువులన్నీ ఊరి నడుమనే పెడితే అంచులు వంకర పోతాయి, అందుకని నాలుగు మూలలకూ చల్లు. కాగితం చెమ్మకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, మడతల దగ్గర చిరుగుతుంది. ఎంత జాగ్రత్తగా అతికించినా కొంత తేడా మిగులుతుంది, అది ఎన్ని మీటర్లో సాఫ్ట్‌వేరే చెబుతుంది. ఆ అంకె రాసుకో. తేడా పన్నెండు మీటర్లుంటే, దారి ఆరు మీటర్లు జరిగిందని చెప్పే హక్కు నీకు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఊరంతా ఎలా మారిందని ఒక్కసారిగా చూడబోతే ఏమీ కనిపించదు. ఒక్కటి పట్టుకో. ఒక కాలిబాట, ఒక చెరువు, ఒక వీధిలో ఒక వరస. దాన్ని నాలుగు పటాల్లోనూ వెంబడించు. కాన్‌జెన్ అనే భూగోళ శాస్త్రవేత్త ఇంగ్లండు ఉత్తరాన ఉన్న ఆనిక్ అనే చిన్న పట్టణాన్ని ఇలాగే ఓపికగా చదివి 1960లో తన పరిశోధన ప్రచురించాడు. పట్టణం పటంలో మూడు పొరలున్నాయన్నాడు: వీధులు, స్థలాల హద్దులు, కట్టడాలు. వీటిలో కట్టడాలు తొందరగా మారతాయి. స్థలాల హద్దులు నిదానంగా మారతాయి. వీధులు శతాబ్దాల పాటు ఉన్నచోటే ఉండగలవు.

ఇది మనసులో పెట్టుకుంటే పటం మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆనిక్‌లో వీధి వైపు సన్నగా, వెనక్కి పొడవుగా ఉన్న స్థలాల్ని అతను చూశాడు. మొదట ముందు భాగంలోనే ఇల్లు, వెనక ఖాళీ. జనం పెరిగేకొద్దీ వెనక కొట్లు, పనిశాలలు, చిన్న చిన్న ఇళ్లు లేచి స్థలమంతా నిండిపోయింది. తర్వాత అవన్నీ పడగొట్టారు, మళ్లీ ఖాళీ. వీధిలో నడిచి వెళ్లేవాడికి ముందున్న గోడ మాత్రమే కనిపిస్తుంది, వెనక నిండటమూ ఖాళీ కావడమూ పటంలోనే తెలుస్తుంది. నీ ఊరిలోనూ వీధి ముఖాలు చూసి ఆగకు, పెరళ్లు చూడు. కుటుంబాలు విడిపోయిన జాడ పెరట్లోనే ఉంటుంది. ఒక స్థలం మధ్యలో కొత్త గీత వచ్చిందంటే, చాలాసార్లు అక్కడ అన్నదమ్ముల వాటా పడి ఉంటుంది. అయితే అది నీ ఊహే, కాగితం దొరికేదాకా ఊహ అనే రాసుకో.

పేర్ల విషయంలో కొంచెం నెమ్మదిగా నడువు. సర్వేకు వచ్చినవాడు చాలాసార్లు పరాయివాడు, విన్నది తన భాషలో తనకు తోచినట్టు రాసుకున్నాడు. ఐర్లండు సర్వేలో ఊళ్ల పేర్లు ఎలా రాయాలో తేల్చడానికి జాన్ ఓ డొనోవన్ అనే పండితుణ్ణి ప్రత్యేకంగా పెట్టుకోవలసి వచ్చింది, చివరికి పటాల మీదికి ఎక్కినవి ఇంగ్లీషు స్పెల్లింగులో రాసిన పేర్లే. రెండు పటాల్లో పేరు మారిందంటే ఊరి పేరు మారిందని వెంటనే అనుకోకు, రాసినవాడు మారి ఉండవచ్చు.

ఖాళీగా కనిపించే చోటు కూడా నిజంగా ఖాళీ అనుకోకు. గుడిసెలు, తాత్కాలిక నివాసాలు, శిస్తు కట్టని వాళ్ల నేల చాలా పటాల్లోకి ఎక్కలేదు. నువ్వు చదువుతున్నది మనుషులు కలిసి బతికిన చోటును. అందులో ఎవరు కనిపించడం లేదో చూడకపోతే, పటం వేయించినవాడి కళ్లతోనే నువ్వూ చూసినట్టవుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి చెప్పాలి. చార్లెస్ బూత్ అనే సమాజ పరిశోధకుడు లండన్‌లో 1889 నుంచి వేయించిన పటాల్లో ఒక్కో వీధికీ అక్కడి వాళ్ల బీదరికాన్ని బట్టి, కలిమిని బట్టి నలుపు నుంచి పసుపు దాకా ఏడు రంగులు వేశారు. అక్కడ పేదవాళ్లు కనిపిస్తారు. కానీ అది బయటి నుంచి చూసినవాడు వేసిన రంగు, వాళ్లు తమ వీధిని ఏ రంగు అనేవారో మనకు అందులో దొరకదు.

రెండు పటాల మధ్య ముప్పై ఏళ్లో నలభై ఏళ్లో ఉంటే ఆ నడుమ ఏం జరిగిందో పటం చెప్పదు. జనాభా లెక్కలు, భూమి రికార్డులు, పాత ఫోటోలు, విమానం నుంచి తీసిన చిత్రాలు పెట్టుకో. 1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో తీసిన చిత్రాలను 1995లో బయటపెట్టారు. మారుమూల ఊళ్లకు ఆ కాలంలో వేరే చిత్రం లేకపోయినా ఇందులో దొరికే అవకాశం ఉంది, తప్పకుండా వెతుకు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని చివరికి ఉంచాను. నువ్వు గీసిన ట్రేసింగ్ పెద్ద నకలు తీయించి, ఆ ఊరి పెద్దవాళ్ల ముందు పరుచు. 'ఇది ఏ సంవత్సరం?' అని అడగకు, అందరూ తడబడతారు. చేతికి పెన్సిలిచ్చి, 'చిన్నప్పుడు బడికి ఏ దారిన వెళ్లేవారో గీయండి' అని అడుగు. మొదట వేలితో చూపిస్తారు, తర్వాత పెన్సిలు కదులుతుంది, ఆ తర్వాత పక్కవాళ్లు 'అక్కడ కాదు, ఇటు నుంచి' అంటారు. ఆ వాదన మొత్తం రాసుకో. పటంలో లేని దారులు నాకు ఎక్కువగా ఇలాగే దొరికాయి.

ఒక్క జాగ్రత్త. పాత పటం చూడగానే కొందరు తమ హద్దు తగాదా నీ ముందు పెడతారు. నీ ట్రేసింగ్‌ను సాక్ష్యంగా ఎవరికీ ఇవ్వకు, దాని మీద 'చదువు కోసం మాత్రమే' అని పెద్దగా రాసి ఉంచు. ఎవరైనా తమ ఇంటి సంగతి రాయొద్దంటే రాయకు.

ముందు స్కేలు దగ్గరగా ఉన్న ఆ రెండు పటాలు తీసుకో. ఒక బాటను ఎంచుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసి, తేడా ఉన్న చోటల్లా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి నాకు పంపు. కాగితం మడవకుండా గొట్టంలా చుట్టి పంపించు తల్లీ.

మీ పెదనాన్న