ఇంగ్లండ్ బడిలో మతపాఠాలు: ఎవరిని అడగాలి?

పాప చదివే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) బడిలో మతపాఠాల్లో హిందూ ధర్మం గురించి రెండు ముక్కలే చెప్తున్నారని, అడిగితే హెడ్‌టీచర్ "సిలబస్ మా చేతిలో లేదు" అన్నారని రాశారు. ఆయన తప్పించుకోవడం లేదండీ, అది నిజమే. ఈ సబ్జెక్టు తప్పనిసరే గానీ జాతీయ కరిక్యులమ్‌లో లేదు. సిలబస్ స్థానికంగా తయారవుతుంది, దాన్ని అయిదేళ్లకోసారి సమీక్షించాలి.

మీరు వెళ్లాల్సింది సాక్రే (SACRE) దగ్గరికి, అంటే మతపాఠాల మీద కౌన్సిల్‌కు సలహాలిచ్చే స్థానిక మండలి దగ్గరికి. 1988 చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్‌కూ ఈ సలహామండలి ఉండాలి. ఇందులో నాలుగు వర్గాలు: ఇంగ్లండ్ చర్చి కాని క్రైస్తవ శాఖలూ మిగతా మతాలూ ఒకటి, ఇంగ్లండ్ చర్చి ఒకటి, టీచర్లు, కౌన్సిల్. మొదటి వర్గంలో హిందువుల తరఫున ఎవరున్నారో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. ఎవరూ లేకపోతే గుడి కమిటీని కదపండి. పండగ భోజనాలకు వందమంది వస్తారు, ఇలాంటి మీటింగుకు ఒక్కరూ కనబడరు!

సాక్రే ఖర్చు కౌన్సిలే భరించాలి. కానీ దానికంటూ విడిగా కేటాయించిన నిధి లేదు, అందుకే కొన్నిచోట్ల పని నీరసంగా సాగుతుంది. ఎంత ఇస్తున్నారని ఈమెయిల్‌లో అడగొచ్చు.

ముందు ఒకటి కనుక్కోండి: బడి అకాడమీగా, అంటే కౌన్సిల్ కాకుండా ఒక ట్రస్టు నడిపే ప్రభుత్వ నిధుల బడిగా, మారిందా? మారితే ఈ సిలబస్ దానికి తప్పనిసరి కాదు, ఆ ట్రస్టునే అడగాలి.

పాపను ఆ క్లాసు మాన్పించే హక్కు మీకుంది, కారణం కూడా చెప్పక్కర్లేదు. నేనైతే మాన్పించను.