పంటి నొప్పి, పంటు ప్రయాణం

అమ్మలూ,

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "పెద్దమ్మా, చిన్నోడి దవడ వాచింది, పొద్దున్న తీసుకెళ్తే చాలా?" అని అడిగావు. సగం నిద్రలో ఏదో చెప్పాను. వాడికి తగ్గింది కాబట్టి సరిపోయింది. పాలకొల్లులో పళ్ళ డాక్టరుగారి దగ్గర ఇరవై రెండేళ్లు ఫోన్లు ఎత్తినదాన్ని, నీకు ఇంకాస్త వివరంగా చెప్పాల్సింది.

మీ ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఏరుంది. పగలైతే సఖినేటిపల్లి రేవులో పంటు, అదే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే నరసాపురం. రాత్రి పంటు ఉండదు, చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. అందుకే ఎవరికీ నొప్పి లేని రోజున కూర్చుని ఒక కాగితం రాయి. ఏ డాక్టరు సాయంత్రం ఎన్నింటిదాకా ఉంటారు, ఆదివారం ఎవరు తీస్తారు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఆటో అబ్బాయి ఎవరు. భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది, అక్కడి ఓపీ టైములు కూడా కనుక్కుని రాసుకో. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించు. ఫోన్లో ఉందిగా అనకు, ఛార్జింగ్ అయిపోయేది అలాంటప్పుడే.

వాపు సంగతి. పన్ను దగ్గర చిగురు కాస్త ఉబ్బితే ఆ రోజో మర్నాడో చూపించొచ్చు. అదే వాపు కంటి వైపు పాకినా, దవడ కింద నుంచి మెడలోకి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, గుటక పడకపోయినా పళ్ళ డాక్టరు కోసం చూడొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి వెళ్ళు. చీము నాలుక కిందకి చేరితే నాలుక పైకి లేచి ఊపిరి అడ్డుపడుతుంది. దానికి తెల్లారేదాకా టైమివ్వకూడదు.

ఇక నీ పెద్దోడు. ఎనిమిదేళ్లు, రోజూ కాలువ రేవు మెట్ల మీద గెంతులు. మా అబ్బాయి కూడా ఆ వయసులోనే అలాగే పడ్డాడు. పై ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. నేను శుభ్రం అనుకుని ఉప్పుతో తోమి, దూదిలో చుట్టి, మర్నాడు పొద్దున్న తీసుకెళ్లాను. డాక్టరుగారు దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు. వేరు చుట్టూ పట్టులాంటి పల్చటి పొర ఉంటుంది, పన్ను మళ్ళీ ఎముకకి అతుక్కునేది దానితోనే. దాన్ని నా చేత్తోనే గీకేశాను. అప్పటికి నేనింకా ఆ ఉద్యోగంలో చేరలేదులే.

ఉద్యోగంలో చేరాక ఒకావిడ లంక ఊరి నుంచి వచ్చింది. చీర కొంగు కప్పిన స్టీలు గ్లాసు, అందులో చల్లటి పాలు, అడుగున పన్ను. ఆటో కుదుపులకి సగం పాలు ఆవిడ ఒళ్ళోనే ఒలికాయి. ఆ పన్ను నిలబడింది.

నువ్వు చెయ్యాల్సిందీ అంతే. పన్నుని వేరు దగ్గర ముట్టుకోకు, కొరికే వైపు పట్టుకో. మట్టి ఉంటే పాలతోనో మంచినీళ్లతోనో క్షణం కడుగు, తోమకు. ధైర్యముంటే అక్కడికక్కడే గుంటలో సరిగ్గా తిప్పి పెట్టి, శుభ్రమైన గుడ్డ కరిచి పట్టుకోమను. లేదంటే పాలల్లో వేసి బయల్దేరు. అరగంటలో చేరితే మంచిది, గంట దాటితే ఆశ తగ్గిపోతుంది. కోనసీమలో కొబ్బరినీళ్లకి కరువా అంటావేమో, వాటి మీదా పరిశోధనలు జరిగాయి గానీ, ఇంట్లో పాలుండగా బొండాలు కొట్టుకుంటూ కూర్చోకు. చిన్నోడి పాలపన్ను ఊడితే మాత్రం వెనక్కి పెట్టొద్దు, కింద పెరిగే పన్నుకి దెబ్బ.

ఫోన్ చేసి "డాక్టరుగారున్నారా?" అని ఊరుకోకు. "ఎనిమిదేళ్ల బాబు, పాలపన్ను కాదు, ఊడి పావుగంటైంది, పాలల్లో వేశాం, వస్తున్నాం" అను. అలాంటి ఫోన్ వస్తే కుర్చీలో ఉన్నవాళ్ళని బతిమాలైనా లేపేదాన్ని. ఉత్తినే "నొప్పండీ" అంటే రేపు పదకొండుకి రమ్మనేదాన్ని, నిజం చెప్పాలంటే.

మీ అత్తగారు పన్ను సలిపితే జిల్లేడు పాలు పెడతానంటారు కదూ. గొడవ పడకు గానీ పెట్టనివ్వకు, చిగురు పొక్కిపోతుంది. చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ నొక్కిపెట్టడమూ అంతే. దూదికి లవంగ నూనె ఒక చుక్క, మింగడానికి పారాసెటమాల్, వాచిన బుగ్గకి బయట నుంచి చల్లటి గుడ్డ. కాపడం వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ వాపు తగ్గిస్తుంది, పన్ను లోపలి కుళ్ళు అలాగే ఉంటుంది. నాలుగు నెలలకి నొప్పి మళ్ళీ వస్తుంది, అదీ సరిగ్గా సంక్రాంతి పండగ మూడు రోజుల్లోనే వస్తుంది చూడు. చెరుకు గడలూ జంతికలూ మాకు తెచ్చిపెట్టిన బేరం అంతా ఇంతా కాదు.

మీ అత్తగారికి షుగరుంది, గుండెకి రక్తం పల్చబడే బిళ్ళ కూడా వేసుకుంటారు. పన్ను తీయించడానికి వెళ్తే మందుల చీటీ చేతిలో ఉండాలి, ఆ బిళ్ళ మీ అంతట మీరు ఆపకూడదు. తీశాక పెట్టిన దూది అరగంట కరిచి ఉంచాలి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూస్తే ఆగేది కూడా ఆగదు. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. అరగంట చొప్పున రెండుసార్లు కరిచినా కారుతుంటే వెనక్కి తీసుకెళ్ళు.

దసరాకి వస్తాను. ఆ ఫ్రిజ్ మీది కాగితం ముందు చూస్తా, కాఫీ తర్వాత.

మీ పెద్దమ్మ