బోరు ఉప్పెక్కితే లోతు పెంచకండి

ప్రశ్న: మాది బాపట్ల, సూర్యలంక రోడ్డు వైపు. మా బోరు నీళ్లు ఈ వేసవి నుంచి ఉప్పగా వస్తున్నాయి. ఇంకా లోతుకు దింపితే మంచినీళ్లు పడతాయంటున్నారు. దింపించమంటారా?

జవాబు: వద్దండి. మీ వైపు ఇసుక నేలల్లో వాననీరు ఇంకి, కిందనున్న ఉప్పునీటి మీద నూనెలా తేలుతుంది. సముద్రమట్టం కంటే మంచినీటి మట్టం ఒక అడుగు పైన ఉంటే, కిందికి సుమారు 40 అడుగుల దాకా మంచినీరే. మోటారు తోడి ఆ అడుగు తగ్గిస్తే, కిందనున్న ఉప్పునీరు అన్ని అడుగులూ పైకి రావడానికి చూస్తుంది. అలాంటిచోట బోరు దింపడమంటే ఉప్పుకి ఎదురెళ్లడమే.

ముందు టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) రెండుసార్లు చూడండి: పొద్దున మోటారు వేయగానే ఒకసారి, గంటసేపు ఆపకుండా నడిపాక ఇంకోసారి. రెండోసారి అంకె బాగా పెరిగితే ఎక్కువ తోడడమే కారణం. తాగేనీటికి 500 లోపు మంచిది. వేరే దారి లేనిచోట 2000 వరకు అనుమతి ఉంది.

మీకు పనికొచ్చేది లోతు తక్కువ వరల బావి. మన రైతులు ఇసుకలో దొరువులు, అంటే లోతు తక్కువ నీటి గుంటలు, తవ్వి పైనీటినే కడవలతో తోడుకున్నారు. బాపట్ల శాస్త్రవేత్తలు ఆ దొరువుకే చిల్లుల గొట్టాలు అడ్డంగా అమర్చి, నీరు నలువైపుల నుంచి ఊరేలా మెరుగుపరిచారు. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) అనుమతి సంగతి కనుక్కుని, మే నెలలో, మట్టం బాగా పడిపోయినప్పుడు తవ్వించండి. నీరు తగిలాక మూడు నాలుగు అడుగులు చాలు. నాలుగడుగుల వ్యాసమున్న వర ముందు నేలమీద పెట్టి, దాని లోపలి ఇసుక తీస్తూ దింపాలి. గొయ్యి ముందే తవ్వితే ఇసుక కూలి మనిషి మీద పడుతుంది, ప్రాణాలే పోతాయి. అడుగున కంకర పరిస్తే ఇసుక పొంగదు. సెప్టిక్ ట్యాంకుకి కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి.

అర హెచ్‌పీ మోటారు చాలు. పావుగంట నడిపి, గంటో రెండు గంటలో ఆపి, మళ్లీ నడపండి. ఒకేసారి ట్యాంకు నింపేయాలనుకుంటే కొత్త బావీ ఉప్పెక్కుతుంది.

పెరడంతా సిమెంటు చేయించి వాననీరు ఇంకనివ్వని అలవాటు చూస్తే బాధేస్తుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. మొదటి వాన నీరు వదిలేసి, మిగతాది కంకర నింపిన గుంటలోకి మళ్లించండి.

ప్రశ్న: తుపానుకి బావిలోకి వరదనీరు చేరింది. బ్లీచింగ్ ఎంత వేయాలి?

జవాబు: మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. నాలుగడుగుల వరలో రెండు మీటర్ల నీరుంటే సుమారు 2,260 లీటర్లు, అంటే ఆరు గ్రాములు. వరద చేరింది కాబట్టి రెట్టింపు వేయండి. బకెట్లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే బావిలో కలిపి, గంట ఆగి వాడండి. తెరిచి ఉంచిన పొడికి బలం ఉండదు. బ్లీచింగ్‌తో ఉప్పు పోదు. సముద్రపు నీరే చేరి ఉంటే కొంచెం కొంచెంగా తోడిపోయాలి. ఒక్కసారిగా ఖాళీ చేస్తే వరలు కుంగుతాయి, కిందనుంచి ఉప్పునీరూ పైకెక్కుతుంది.